సముద్రం పక్కన ఫణి కొన్న ఇల్లు

ప్రియమైన రేణూ,

ఫోన్‌లో చెప్తే సగంలో పెట్టేస్తావని ఉత్తరం రాస్తున్నాను. కూర్చుని చదువు.

మెడిసిన్ అని ఫిలిప్పీన్స్ వచ్చి, రామోన్‌ని చేసుకుని ఈ పల్లెలో ఉండిపోయాక ఇక్కడ ఒక్క తెలుగు ముఖం చూడలేదు. మొన్న చూశాను. ఫణి. మీ పెళ్లిలో నీ పక్కనే ఉన్నదాన్ని, పోల్చుకోలేనా? అతనికి మాత్రం నేను గుర్తులేను.

అమెరికాలో మీ ఇర్వింగ్‌కి దగ్గర్లోనే, ఫ్రిస్కోలో నర్సుగా చేసే మరిటెస్ మా ఊరి అమ్మాయి. ఫణి ఆమెను పెళ్లి చేసుకోబోతున్నాడు, తర్వాత రిమోట్ జాబ్ చూసుకుని ఇక్కడే ఉంటాడట. మా పక్కింటి లూర్దెస్ గారి ఇల్లు కొనడానికి ఇద్దరూ వచ్చారు. కొబ్బరితోటలో, సముద్రానికి ఎదురుగా ఉండే పాత చెక్క ఇల్లు. ఇక్కడ బ్రోకర్లు ఉండరు. అమ్మేవాళ్లు అన్నం పెట్టి, వీళ్లు మనలో కలుస్తారా అని చూస్తారు. తాళం వేసుకుపోయే పరాయివాళ్లకు అమ్మనని ఆవిడ ముందే అన్నారు. అప్పుడు ఫణి కళ్లు తుడుచుకుని, తన మొదటి భార్య జబ్బుచేసి పోయిందనీ, ఆ తర్వాత తనకు ఇల్లన్నదే లేదనీ చెప్పాడు. ఆవిడ అతని చెయ్యి పట్టుకుని సరేనన్నారు. ప్రార్థనలో తలుచుకుంటానని ఆ అమ్మాయి పేరు అడిగారు.

"రేణు" అన్నాడు.

పక్కనే అన్నం వడ్డిస్తూ నా చెవులారా విన్నానే. మరిటెస్ మంచి పిల్ల. నువ్వు ఊఁ అంటే రేపే చెప్పేస్తాను.

నీ వేద

---

ఇర్వింగ్

నా వేదా,

నీ ఉత్తరం ఆఫీస్ పార్కింగ్‌లో, కార్‌లోనే చదివాను. పైకెళ్లి మీటింగ్‌లో నవ్వుతూ మాట్లాడాను కూడా.

మా అమ్మను చూసొద్దామని ఇక్కణ్నించి గుంటూరు తీసుకెళ్లి, నేను నిద్రలేచేసరికి నా పాస్‌పోర్ట్‌తో సహా ఫ్లైట్ ఎక్కేశాడు. చూడ్డానికి వచ్చినవాళ్లంతా నేనేం తప్పు చేశానని అడిగారు తప్ప, అతనేం చేశాడని ఒక్కరూ అడగలేదు. విడాకులు పోస్ట్‌లో వచ్చాయి. స్టూడెంట్ వీసా మీద నా అంతట నేను తిరిగి రావడానికి మూడేళ్లు పట్టింది. ఇప్పుడు నా చావు చెప్పుకుని ఇల్లు కొంటున్నాడు.

చెప్పొద్దు. అక్కడ విదేశీయులు భూమి కొనడానికి వీల్లేదని నువ్వే ఒకసారి అన్నావు. అంటే అంతా మరిటెస్ పేరు మీదే కదా? కొననీ. ఉన్నదంతా అందులో పోయనీ. పెళ్లి కూడా చేసుకోనీ. వరండాలో తన కుర్చీ ఎక్కడ వేసుకోవాలో నిర్ణయించుకోనీ. అప్పుడు వెళ్లి బెల్ కొడతాను. గుమ్మం బయట నిలబడటం ఎలా ఉంటుందో అతనికీ తెలియాలి.

నా మీద ఒట్టు, నోరు విప్పకు.

రేణు

---

ప్రియమైన రేణూ,

రిజిస్ట్రేషన్ అయిపోయింది. నువ్వన్నట్టే మరిటెస్ పేరు మీదే. ఊరంతా వచ్చి కప్పు విప్పి కొత్తది వేశారు. నీ ఒట్టు కోసం రామోన్‌కీ ఏమీ చెప్పలేదు, అతనూ వెళ్లాడు; కూలి ఎవరూ తీసుకోలేదు. ఫణి అందరికీ స్వయంగా వడ్డించాడు. చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. నాకు ఒళ్లు మండింది.

సాయంత్రం మరిటెస్ మా వంటింట్లోకి వచ్చి కూర్చుంది. వచ్చే నెల ఫ్రిస్కోలో పెళ్లట. "ఆయన ఇంకా ఆవిడ గురించి మాట్లాడలేకపోతున్నారు. నేను ఆవిడ చోటు తీసుకుంటున్నానని ఆయన లోపల బాధపడతారా?" అని నన్నే అడిగింది. లేదన్నాను. అంతకంటే ఏం చెప్పను?

ఇల్లు ఆమె చేతికి వచ్చేసింది. నీకు కావలసింది జరిగిపోయింది. పెళ్లికి ముందే వెళ్లి చెప్పు రేణూ. అతని మీద కోపం అతని మీదే ఉండనీ. ఆ పిల్ల ముఖం చూస్తూ ఇంకోసారి అబద్ధం ఆడటం నా వల్ల కాదు.

నీ వేద

---

ఇర్వింగ్

వేదా,

నీ మాట వినలేదు. పెళ్లయి రెండు వారాలు ఆగి, ఆదివారం ఫ్రిస్కో వెళ్లాను. అతను సుఖంగా ఉన్నప్పుడే పడగొట్టాలనుకున్నాను.

తలుపు మరిటెస్ తీసింది. నా పేరు చెప్పాను. అర్థం కాక లోపలికి పిలిచింది. మెట్లు దిగుతూ ఫణి నన్ను చూసి, అక్కడే రెయిలింగ్ పట్టుకుని ఆగిపోయాడు. ఇన్నేళ్లూ నేను కోరుకున్న ముఖం అది. నేను ఇంకో మాట అనకముందే మరిటెస్‌కి అంతా తెలిసిపోయింది. అతను ఇంగ్లిష్‌లో ఏదో మొదలుపెట్టాడు. ఆమె తాళాలు అడిగి తీసుకుని, వెళ్లమంది. వెళ్లాడు, చెప్పులతోనే. పల్లెలోని ఇంటికీ ఇక రావద్దంది.

నేను గెలిచాను వేదా. లేచి వచ్చేస్తుంటే ఆమె అడిగింది.

"మీకు ఎప్పుడు తెలిసింది?"

మీరిద్దరూ ఇల్లు చూడ్డానికి వెళ్లినప్పుడే అన్నాను.

ఆమె గొంతు పెంచకుండానే చెప్పింది: "మా దేశంలో విడాకులు లేవు. ఇక్కడ తెచ్చుకున్నా, అక్కడి కోర్టు ఒప్పుకునేదాకా మా ఊళ్లో నేను అతని భార్యనే. పెళ్లికి ముందురోజు చెప్పినా సరిపోయేది. అతను మిమ్మల్ని మోసం చేశాడు. మీరు నన్ను అతనికి అప్పగించి చూస్తూ కూర్చున్నారు."

ఫణి విషయంలో ఇప్పటికీ బాధ లేదు. అతను ఏ రోడ్డు మీద పడుకున్నా నాకు నిద్రపడుతుంది. ఆమెను తలుచుకుంటేనే పట్టడం లేదు.

ఇంకొకటి. నాకు ఎవరు చెప్పారని అడిగింది. అప్పటికే ఒక అబద్ధం మీద ఆమె జీవితం నిలబెట్టాం, రెండోది ఆడలేకపోయాను. నీ పేరు చెప్పాను. ఆ వంటింటి మాట గుర్తుచేసుకుందో ఏమో, అప్పుడు ఏడ్చింది.

ఉద్యోగానికి సెలవు పెట్టి ఊరికి వస్తోంది. శుక్రవారానికి అక్కడ ఉంటుంది. మీ పక్కింట్లోనే.

నన్ను ఎన్ని తిట్టాలనుకున్నా తిట్టు. ముందు, ఆమె వచ్చి చెప్పేలోగా నువ్వే రామోన్‌కి అంతా చెప్పు.

రేణు