అంజలి నోరు విప్పిన రోజు

బుధవారం, రాత్రి

మా అంగన్‌వాడీలో చేరినప్పటి నుంచి అంజలి ఒక్క మాట మాట్లాడలేదు. మూడేళ్ల పిల్ల, గొర్రెలు కాసేవాళ్ల బిడ్డ. ఇవాళ పిల్లలకు అన్నం పెట్టే వేళకు వాళ్ల అవ్వ వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఈడ ఆటలే గని సదువేది, టీచరమ్మా? ఇంట్ల మస్తు మాట్లాడే పోరి ఈడ మూగదైంది. చిట్యాల ఇంగ్లీషు బడిల ఏస్తమంటుండు మా కొడుకు."

పళ్లెంలో అన్నం పెట్టి, "జర తినిపో అవ్వా" అన్నాను. ఆమె కూర్చుని పళ్లెంలో చేయి పెట్టబోయింది.

"అవ్వా! చేతులు కడుగు. సబ్బు వెట్టి!"

అంజలే! రోజూ నేను పిల్లలకు చెప్పే మాట! నేనూ ఆయమ్మా నోరు తెరుచుకుని చూశాం. అవ్వ లేచి కడుక్కుంది. అంజలి ఆమె చేతులు తిప్పి చూసి, "గోర్లల్ల గూడ" అంది. పిల్లలంతా ఒకటే నవ్వు. అవ్వ కూడా.

వెళ్లేటప్పుడు నా భుజం తట్టి, "ఈడికే తోలుత. కొడుకుకు నేన్ జెప్త" అంది.

అతను ఒప్పుకుంటాడో లేదో మరి. ఒప్పుకోకపోతే అతన్నీ ఒక పూట భోజనానికి పిలవాలి...