పట్టు గొడుగు మీద కూర్చున్నవాడు

పశ్చిమ యుద్ధరంగం,
1918 ఆగస్టు.

పూజ్యురాలైన అమ్మకి,

నీ క్విరిన్ నమస్కరించి రాయునది. ఇక్కడ నేనూ, నా దళంలో వాళ్ళందరూ క్షేమం. "అందరూ" కింద గీత గీశాను చూడు. ఆ మాట ధైర్యంగా రాయగలిగిన ఉత్తరాలు ఈ ఏడాది నా చేతి మీదుగా ఎక్కువ వెళ్ళలేదు. నువ్వూ, చెల్లి ట్రినా, మన క్రేఫెల్డ్‌లో మన వీధి వాళ్ళూ కులాసాగా ఉన్నారనే అనుకుంటున్నాను.

మేజోళ్ళు అందాయి. చక్కెర దుంపల పాకం సీసా దారిలో పగిలి, మేజోళ్ళు పాకంలో ఊరి వచ్చాయి. నా విమానం చూసుకునే మెకానిక్కు ఫ్రిడోలిన్ వాటిని ఉతకడానికి తీసుకెళ్తూ, "ముందు కాస్త చప్పరించి ఆ తర్వాత ఉతుకుతాను, మీకేం అభ్యంతరం లేదు కదా?" అన్నాడు. లేదన్నాను. ఎడమ మేజోడు కుడిదానికంటే జానెడు పొడుగు. చూపు ఆనకపోతే దీపం దగ్గరికి జరగమని ఎన్నిసార్లు చెప్పాలి నీకు?

పోయిన ఉత్తరంలో మూడు అడిగావు. వరసగా చెప్తాను.

మొదటిది, చర్చి పెద్దలు నా గురించి నాలుగు ముక్కలు చెప్పమంటే ఏం చెప్పాలో తోచడంలేదన్నావు. ఇలా చెప్పు. నా కొడుకు మొదట రెండేళ్ళు బురదలో కాలిబంటు. అది భరించలేక పైకి ఎక్కాడు. మొదట విమానంలో వెనక కూర్చుని కింద ఏముందో చూసి చెప్పే పని చేశాడు, ఆ తర్వాత ఒస్టర్‌టాగ్ అనే కెప్టెన్ దళంలో పడ్డాడు. ఆయన నేర్పినదంతా ఒక్కటే. "దగ్గరికి వెళ్ళు. భయమేస్తోందా? అయితే ఇంకా దూరంలోనే ఉన్నావు, మరికాస్త దగ్గరికి వెళ్ళు." అలా వెళ్ళి వెళ్ళి మొదటి విమానాన్ని కూల్చాను. మొదటి గెలుపుకి పాత రోజుల్లో వెండి గిన్నె ఇచ్చేవాళ్ళు. నా వంతుకి వెండి కరువై ఇనుపది దక్కింది. అందులో గడ్డం గీసుకునే నీళ్ళు కాచుకుంటున్నాను. ఈ చివరి ముక్క చర్చిలో చెప్పకు.

తర్వాత ఈ దళం నా చేతికిచ్చారు. అప్పట్లో దీన్ని అందరూ ఖాళీ కుర్చీల దళం అనేవాళ్ళు. పొద్దున భోజనాల బల్ల చుట్టూ నిండుగా ఉన్న కుర్చీలు సాయంత్రానికి సగం ఖాళీ అయ్యేవి. ఇప్పుడు ఈ రంగంలో మా అంత పేరున్న జర్మన్ విమాన దళం లేదు. గొప్ప కోసం కాదు, ఉన్న మాటే రాస్తున్నా. సరే, గొప్ప కోసం కూడా. మా విమానాల ముక్కులన్నీ ఎర్రగా ఉంటాయి. ఎవరు పెట్టారీ రంగు అని అడిగితే మా అమ్మ అంటాను. నిజమే కదా? మన ఊళ్ళో ఏ నేతగత్తె అయినా బట్ట అంచులో తన రంగు పోగు ఒకటి వదిలేస్తుంది, ఎవరి పనో యజమానికి తెలియాలని. నీది ఎరుపు. సిబిల్లా అత్తది ఆకుపచ్చ. ఆవిడ కొడుకు, మన టోనెస్ కూడా నా దళంలోకి రాగానే తన విమానం తోకకి ఆకుపచ్చ వేయించుకున్నాడు. "నువ్వు మీ అమ్మని ముందు పెట్టుకున్నావు, నేను మా అమ్మని వెనక పెట్టుకుంటా, తరిమి తరిమి ఇంటికి తెస్తుంది" అన్నాడు.

తేలేదమ్మా. ఆ మార్చి నెలలో మా దగ్గర ఇంకా ఈ పారాచూట్ గొడుగులు లేవు. ఉంటే వాడు దూకి బతికేవాడు. మంట పుట్టడం, వాడు నా వైపు చేయి ఊపడం, రెండూ చూశాను. ఇంతకంటే రాయను.

నీ మూడో ప్రశ్న ఆ సిబిల్లా అత్త గురించే కాబట్టి ముందు అదే ఎత్తుకుంటాను. మీరిద్దరూ ఒకే కార్ఖానాలో, ఒకే బల్ల మీద, మా గొడుగులకి పట్టు కుడుతున్నారు. నీకు కత్తెర కావాల్సి వస్తే పక్కామె చేత ఇప్పిస్తుందట గాని నీ మొహం చూడదట. "నీ కొడుకే కదే నా కొడుకుని పిలిపించుకున్నది" అని ఒకే ఒక్కసారి అందట, ఆ తర్వాత నోరు విప్పలేదట. ఏం చెయ్యమంటావురా అని అడిగావు. ఆవిడ అన్నది నిజమేనమ్మా. నేనే పిలిపించాను. ఊరివాడు పక్కనుంటే ధైర్యంగా ఉంటుందని. చిన్నప్పుడు ఆవిడ వంటింట్లో బంగాళాదుంప అట్లు తిని పెరిగినవాణ్ణి, నీ చేతి దెబ్బలు తప్పించుకుని ఆవిడ బల్ల కింద దాక్కున్నవాణ్ణి. ఆవిడ నాకు రాయలేదు, నేనూ రాయలేకపోయాను. ఎన్నో కాగితాలు చింపేశాను. రెండు ఇళ్ళ మధ్య తలుపు మూతపడింది నా వల్ల. ఈ యుద్ధంలో నన్ను నిద్రపోనివ్వనిది తుపాకులు కాదు, ఆ తలుపు.

ఇక రెండో ప్రశ్న. గొడుగు కట్టుకుంటున్నావా లేదా అని వరసగా మూడు ఉత్తరాల్లో అడిగావు. మొదటి రెండింటికీ జవాబు ఎగ్గొట్టాను, నువ్వు గమనించావు, నీ దగ్గర దాచడం నా వల్ల కాదు. లేదమ్మా, కట్టుకోలేదు. గొడుగు మడిచి పెట్టిన సంచీ మా సీటులోనే ఉంటుంది, దాని మీదే కూర్చుంటాం. పట్టీలు భుజాలకీ తొడలకీ బిగించుకోవాలి. మా వాళ్ళెవరూ బిగించుకోలేదు. మెత్తగా ఉందని కూర్చున్నారంతే. మా దళంలో బరాన్ ఎకార్ట్ అని జమీందారీ బిడ్డ ఒకడున్నాడు, తాతల నాటి గుర్రాల గురించి తప్ప మాట్లాడడు. "నాయకుడు పట్టీ బిగించాడంటే బండి మధ్యలో దిగిపోయే ఆలోచన ఉందన్నమాట" అన్నాడు. అది నా మనసులో ముల్లులా దిగింది. నేను కట్టుకోలేదు, నన్ను చూసి ఎవరూ కట్టుకోలేదు.

అలా ఉండగా నీ మూడో ఉత్తరం వచ్చింది. పొద్దున్న కాఫీ అనబడే ఆ నల్ల నీళ్ళ దగ్గర అందరూ ఉన్నారు. "మీ అమ్మగారు ఏం రాశారు?" అని అడిగారు. ఏ బుద్ధి పుట్టిందో, పైకి చదివేశాను. నువ్వు రాసింది నీకు గుర్తుందా? "నాయనా, నువ్వు దాన్ని కట్టుకోకుండా ఊరికే దాని మీద కూర్చుంటున్నావని నా అనుమానం. అలాగైతే చెప్పు, పట్టు దండగ. బాతు ఈకలు కూరి పంపిస్తాం, నీ పిర్రలకి ఇంకా మెత్తగా ఉంటుంది."

అమ్మా, ఆ బల్ల చుట్టూ ఎలా నవ్వారో నీకు చెప్పలేను. ఒకడు కాఫీ ముక్కులోంచి కక్కాడు. గుమ్మం దగ్గర నిలబడ్డ ఫ్రిడోలిన్ కళ్ళు తుడుచుకున్నాడు. బరాన్ ఒక్కడే నవ్వలేదు. గిన్నె బల్ల మీద పెట్టి, "మీ అమ్మగారికి సైన్యం అప్పజెప్పి ఉంటే ఈ యుద్ధం ఎప్పుడో ముగిసేది" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "మీరు కట్టుకుంటే నేనూ కట్టుకుంటాను. కట్టుకోనంటారా, నాకూ ఈకలు తెప్పించండి" అన్నాడు.

కట్టుకున్నాను. అందరి ముందూ, విమానాల పక్కన నిలబడి, ఒక్కో పట్టీ బిగించుకున్నాను. వాళ్ళూ కట్టుకున్నారు. "ఈకల వాళ్ళందరూ ఎక్కండి" అని కేకేశాడు బరాన్.

ఆ పొద్దున్నే మా మీద పెద్ద దాడి జరిగింది. మా వెనక రైలు స్టేషనులో గాయపడ్డవాళ్ళ రైలు నిలబడి ఉంది. స్టేషను మీద బాంబులు వేయడానికి ఇంగ్లీషువాళ్ళు మాకు రెట్టింపు మంది వచ్చారు. వాళ్ళు పిరికివాళ్ళు కారు, ఆ మాట ఎప్పుడూ అనను. కాని ఆ రోజు మాది. సూర్యుడు మా వీపు మీద ఉన్నాడు, నేను చేయి ఊపగానే ఎర్ర ముక్కులన్నీ ఒక్కసారి కిందికి వంగాయి. ఒస్టర్‌టాగ్ చెప్పినట్టే భయం పోయేంత దగ్గరికి వెళ్ళాం. వాళ్ళ వరస చెదిరిపోయింది. బాంబులన్నీ పొలాల్లో పడ్డాయి. ఒక్కటి కూడా స్టేషను దాకా రాలేదు. నేను కూల్చిన వాటిలో నలభై ఒకటో విమానం ఆ రోజే కూలింది, అందులోవాడు బతికి మా చేతికి చిక్కాడు, సాయంత్రం మా బల్ల దగ్గరే కూర్చోబెట్టి భోజనం పెట్టాం, మా పాకం రొట్టె తిని పాపం మొహం ముడిచాడు. రైలు కదిలి వెళ్ళిపోతుంటే కిటికీల్లోంచి తెల్లటి గుడ్డలు ఊపారు. ఆకాశంలో ఉండి అది చూశాను. నా జీవితంలో అంత సంతోషం నాకు తెలియదు.

ఇక ఇన్ని పేజీలుగా దాచిన మాట.

ఆ రైలు చూస్తూ ఉండగానే నా వెనకనించి ఇంగ్లీషువాడు ఒకడు వచ్చాడు. జలుబు చేసి పడుకున్నానని నీకు కార్డు రాశాను, అది జలుబు కాదు. పెట్రోలు ట్యాంకు పగిలింది, మంట వచ్చింది. టోనెస్‌కి వచ్చిన మంటే. అమ్మా, నేను దూకాను. ధైర్యంగా కాదు, ఏడుస్తూ దూకాను. తలకిందులై పడుతున్నాను, గొడుగు విచ్చుకోలేదు, ఇంక అంతే అనుకున్నాను. అప్పుడు ఎవరో నా రెండు భుజాలూ పట్టుకుని పైకి లాగినట్టయింది. తలెత్తి చూస్తే తెల్లటి పట్టు, మన చర్చి పైకప్పు అంత. బరానూ ఇంకో ఇద్దరూ నేను నేల తాకేవరకూ నా చుట్టూ తిరుగుతూ కాపలా కాశారు. దుంపల చేలో పడ్డాను. ఎడమ చెవి కాలింది, కాలు బెణికింది. అంతకంటే ఏమీ లేదు, ఒట్టు. మా ఫిరంగుల వాళ్ళు పరిగెత్తుకొచ్చి గొంతులో సారా పోశారు. మధ్యాహ్నానికి దుంపల బండిలో దర్జాగా దళానికి చేరాను. బల్ల దగ్గర ఒక్క కుర్చీ ఖాళీ లేదు. నా కుర్చీలో దిండు పెట్టి ఉంచారు, నిండా ఈకలు.

అసలు సంగతి ఆ చేలో జరిగింది. ఫిరంగుల వాళ్ళు పట్టు చుట్టబెడుతుంటే అంచు నా చేతిలోకి వచ్చింది. సంచీ మీద మీ కార్ఖానా ముద్ర ఉందని ముందే తెలుసు. కాబట్టి ఎర్ర పోగు కోసం వెతికాను. నీదే అయి ఉండాలని ఎంతో ఆశగా వెతికాను. ఎరుపు లేదు. ఆకుపచ్చ ఉంది.

రెండేసి సార్లు కుట్టిన కుట్టు, ఒక్కటి కూడా జారలేదు. నేను అక్కడే ఆ దుంపల మధ్య కూలబడి, చుట్టూ ఉన్నవాళ్ళు చూస్తున్నారన్న సిగ్గు కూడా లేకుండా ఏడ్చాను. మన మొహం చూడనని కూర్చున్న ఆవిడ చేతులే నన్ను కిందికి దించాయి. తన కొడుక్కి అందనిది ఆవిడ నాకు కుట్టింది.

ఆ అంచు ముక్క కోసి ఇందులో పెట్టాను. పట్టు పాడుచేసినందుకు మా పై అధికారి నా మీద అరిచాడు, అరవనీ. నువ్వు దాన్ని కార్ఖానాలో ఇవ్వకు. ఇంటికి వెళ్ళు. ఎప్పటిలా పెరటి తలుపు తట్టకుండానే వెళ్ళు, నీకు ఆవిడ దగ్గర మర్యాదలేంటి. ఏమీ చెప్పకు, ముక్క చేతిలో పెట్టు. ఆవిడ తన పోగు గుర్తుపడుతుంది. అప్పుడు చెప్పు, వచ్చే నెల సెలవు దొరికింది, క్విరిన్ వస్తున్నాడు, ముందు మీ ఇంటికే వస్తాడు, అట్లు పెడతావో తలుపేస్తావో నీ ఇష్టం, వాడు మాత్రం గుమ్మంలో నిలబడే ఉంటాడని.

ట్రినాకి ముద్దులు. దీపం దగ్గరికి జరుగు.

ఇట్లు,
మీ ఇద్దరి కొడుకు,
క్విరిన్