సరళ నడవని రోజులు

మిర్యాలగూడ కాపురస్తురాలిని, మాశెట్టి బద్రీనాథ్ భార్యను, నవనీత అను నేను, అరవై రెండేళ్ల వయసులో, ఒకరు నూరిపోస్తే కాకుండా నా బుద్ధికి తోచి రాసుకుంటున్న వీలునామా. మతి నిలకడగానే ఉంది. అనుమానముంటే నా తోడికోడలు సరళను అడగండి. ఆమె కాపురానికి వచ్చిన కొత్తలో నా పట్టుచీర అడిగి కట్టుకుని, పసుపు మరకతో తిరిగి ఇచ్చిన సంగతి అంచు రంగుతో సహా చెప్పగలను.

దీన్ని అమలు చేయవలసింది నా కొడుకు పృథ్వీ.

1. సూర్యాపేటలో మా నాన్న నాకు పసుపు కుంకుమల కింద ఇచ్చిన దుకాణం మడిగె పృథ్వీకి చెందుతుంది. అందులో కిరాయికి ఉన్న టైలర్‌ను ఖాళీ చేయించరాదు. నా జాకెట్లు సరిగ్గా కుట్టింది ఆ ఒక్కడే.

2. నా బంగారమంతా కోడలు నిఖితకు. సరళకు బంగారం ఏమీ రాయడం లేదు. మా అత్తగారు పోతూ పోతూ పెద్దకోడలిని నేనుండగా తన కాసులపేరు ఆమె మెడలో వేసింది. అది చాలు. ఏ పెళ్లికి పోయినా ఆ కాసులపేరు నా ఎదురుగా వచ్చి కూర్చుంటుంది.

3. మా ఆయనకు నా మందుల డబ్బా. ఆయన బీపీ మాత్రలు కూడా అందులోనే ఉన్నాయి. ఎరుపువి పొద్దున, తెల్లవి రాత్రి. ఇన్నేళ్లూ చేతిలో పెడితే మింగారు గాని ఏది ఎప్పుడో ఆయనకు తెలియదు.

4. నేను పోయాక నా ఆరోగ్య డేటా ఉంచాలా, చెరిపించాలా అన్నది మా ఇంట్లో నలుగుతున్న తగువు. దాన్ని ఇక్కడ తెంచుతున్నాను.

రెండేళ్ల కింద హైదరాబాద్ నుంచి పరిశోధన వాళ్లు వచ్చారు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో ఇంటిపట్టున ఉండే ఆడవాళ్లకు షుగర్ ఎందుకింత వస్తున్నదో తెలుసుకుంటామన్నారు. చేతికి గడియారం కట్టి, ఫోన్లో రోజూ పోగుపడే నడక, నిద్ర, కొనుగోళ్ల వివరాలను పేర్లు తీసేసి వాడుకుంటామని అనుమతి అడిగారు. వద్దనుకున్న రోజు చెరిపేస్తామని కూడా వాళ్లలో ఉన్న నిహారిక అనే అమ్మాయి విడమరిచి చెప్పింది. సరళ వెంటనే సరేనంది. ఆమె సరేనన్నాక నేను ఊరుకుంటానా.

ఒకే ఇంటివాళ్లు ఒకరి నడక ఒకరు చూసుకునే ఏర్పాటు ఆ యాప్‌లో ఉంది. రోజూ సరళదే పైచేయి. పైగా ఇంటి సామానుకు పెద్దకోడలిగా నా ఫోన్ నుంచే కడతాను కాబట్టి, ఆమె తిన్న కలాకండ్ అంతా నా పేరు మీద పడింది. మిఠాయిలు తగ్గించమని యాప్ నాకు బుద్ధి చెప్పింది. తిన్నది ఆమె, షుగర్ నాకు, చీవాట్లూ నాకే.

పోయినేడు కాలి పుండు ముదిరి సూర్యాపేట దవాఖానలో పడ్డాను. జ్వరంతో ఒంటి మీద తెలివి లేదు. కళ్లు తెరిచినప్పుడల్లా మా ఆయనే కనిపించారు. సరళ కోదాడలో తన అన్న కూతురి పెళ్లికి పోయిందన్నారు. నా చావు భోజనాలకైనా వస్తుందిలే అనుకున్నాను.

ఇంటికొచ్చి మంచం మీద నుంచే యాప్ తెరిచాను. ఆ రోజుల్లో ఆమె నడక గీత నేలకు అంటుకుపోయి ఉంది. నా కడుపు చల్లబడింది, ఆ పూట అన్నం రుచిగా తిన్నాను. తర్వాత అనుమానం వచ్చింది. సొంత అన్న ఇంట పెళ్లిలో మనిషి నడవకుండా ఎట్లా ఉంటుంది? గుచ్చి గుచ్చి అడిగితే చెప్పింది.

"పెళ్లికి వెళ్లలేదక్కా. నీ మంచం పక్కనే ఉన్నాను. నన్ను చూస్తే నీకు బీపీ పెరుగుద్దని, నువ్వు కదిలినప్పుడల్లా బయటికెళ్లి బావగారిని పంపేదాన్ని."

అందులోనూ ఆమెదే పైచేయి. ఆమె కోసం నేను అట్లా కూర్చునేదాన్ని కానేమో. పాత కుళ్లు కన్నా ఇది ఎక్కువ మండుతున్నది.

చెరిపించమని మా ఆయన పట్టు. "మనింట్ల ఎవరేం తిన్నరో, ఎవరెటు పోయిన్రో ఊరికెందుకు?" అంటారు. వ్యాపారస్తుల భయం అది, తప్పనను. కాని నాది చెరిపితే సరళ గీత ఒంటరిగా మిగులుతుంది. చదివేవాళ్లు ఎవరో ఆడమనిషి బద్ధకంతో మూలన పడిందనుకుంటారు. ఆ రోజుల్లో యాప్ కూడా లేచి నడవమని ఆమెను కసిరిందట. నాది పక్కన ఉంటేనే, ఒకరు మంచాన పడితే ఇంకొకరు కాపలా ఉన్నారని తెలుస్తుంది. షుగర్ వచ్చిన మనిషికే కాదు, ఆ మనిషిని చూసుకునే మనిషికి కూడా నడక ఆగిపోతుందని వాళ్లకు ఎవరు చెప్పాలి? గీత పక్కన కారణం రాసే చోటు ఉందా అని నిహారికను అడిగాను. ఇప్పటికి లేదని, రాసిస్తే జత చేస్తానని అంది.

కాబట్టి నా డేటా చెరపరాదు. దాని మీద నా తర్వాత అధికారం సరళది, మరెవరిదీ కాదు. ఈ అంశానికి నకలు తీసి పృథ్వీ నిహారికకు అందజేయాలి. కలాకండ్ నేను తినలేదన్న ముక్క అందులో ఎగిరిపోరాదు.

5. నా చేతి గడియారం కూడా సరళకే. దాచుకోవచ్చు గాని కట్టుకుని నడవరాదు. ఆమె అడుగులు నా పేరు మీద పడితే, పోయాక కూడా ఆమె దయ మీద నడిచినట్టవుతుంది.

చదివించుకుని, విని, ఒప్పుకుని సంతకం చేస్తున్నాను. సాక్షిగా ఉంటానని సరళ కొత్త చీర కట్టుకుని వచ్చింది. వీలునామాలో ఏదైనా పొందేవాళ్లు సాక్షిగా ఉండకపోవడమే మంచిదని వకీలు ఆమెను లేపాడు. తనకేదో రాశానని ఆమెకు అప్పుడే తెలిసిపోయింది. వాకిట్లో నిలబడి కళ్లు తుడుచుకుంటున్నది. ఏడవడం కూడా నాకన్నా చక్కగా ఏడుస్తుంది.

మిర్యాలగూడ,
2025 నవంబరు 14

(సంతకం) మాశెట్టి నవనీత

సాక్షులు:
1. జానకి, పక్కింటి టీచరమ్మ
2. బక్కయ్య, మా మిల్లు గుమాస్తా