తిరుగు డీజిల్

గురువారం, రాత్రి

ఎండుచేపలు ఇవ్వడానికి భోగాపురం నుంచి మావ వచ్చాడు. బల్ల మీదున్న నా ఫిజిక్స్ క్లాసు నోట్సు చూసి ఏమిటని అడిగాడు. కాంతి కంటే వేగంగా నక్షత్రాల దాకా వెళ్లాలంటే గురుగ్రహమంత పదార్థాన్ని పూర్తిగా శక్తిగా మార్చాలని ఒక లెక్క ఉందన్నాను.

"అది ఎల్లడానికి. మరి తిరిగి రాడానికేటే? మేం తిరుగు డీజిల్ కేన్ ఏరేగా కట్టినాకే పడవ తోస్తాం."

నా నోట్సులో అది లేదు.

నాలుగేళ్ల కిందట అన్నయ్యతో తగువుపడి భోగాపురం వదిలి ఈ విజయనగరం గదికి వచ్చిన రోజు కూడా నేను వెళ్లడానికే లెక్కేసుకున్నాను.

సాయంత్రం మావను బస్సెక్కించాను. పక్క సీట్లో తువ్వాలు వేసి కూర్చున్నాడు. ఎవరికని నేను అడగలేదు. బస్సు కదిలేదాకా ఆయన తువ్వాలు తీయలేదు.