తారు రోడ్డు మీద కబడ్డీ

అన్నా,

ఈ ఉదయం కోరుట్ల బస్టాండు ముందు తారు మీద ముగ్గుపిండితో కబడ్డీ గీతలు గీశారు. తెలంగాణ కోసం రాస్తారోకో. బస్సులు ఆపి కాలేజీ జట్టు ఆడింది. నీ తర్వాత ఆ జట్టులో కూతకు వెళ్ళేది ఇప్పుడు మన తమ్ముడే.

ఆట మధ్యలో వాడు మోకాలు పట్టుకుని కూర్చున్నాడు. నీకు మొదటి నొప్పి సూది వేయించిన నీ పాత కెప్టెన్ దగ్గరికొచ్చాడు.

"ఒక్క సూది ఏపిచ్చుకో, లేచి ఉరుకుతవ్. మీ అన్న గట్లనే ఆడలేదా?"

చివరి ఏడాది నువ్వు ఆట మానేసి ఆ సూదుల కోసమే బతికావని అతనికి తెలుసు.

"మా అన్న గా సూదులతోనే పోయిండు," అన్నాను. అంతమంది ముందు మాట్లాడతానని నేనే అనుకోలేదు.

తమ్ముడు తలెత్తలేదు. "ఇజ్జత్ తీస్తున్నవక్కా, ఇంటికి పో."

వచ్చేశాను.

నిన్న బట్టలు ఉతుకుతుంటే తమ్ముడి జేబులో సూది మూత దొరికింది.