స్తంభం వెనుక పీట

నెల్లికుదురు దగ్గరి తండా నుంచి,
ఆదివారం.

జనగామలో నరసింహస్వామి పాటల ఆట ఆడిస్తున్న బృందంలో, ఎవరు ఎక్కడ కూర్చోవాలో తేల్చే పెద్దమనిషి గారికి సక్రు రాసేది ఏమనగా,

ముందు నా సంగతి చెప్పాలి. నేను బడి గడప తొక్కలేదు. గొడ్లు కాస్తూ, కిరాణా పొట్లాల కాగితాల మీద అక్షరాలు కూడబలుక్కుని పురాణాలు చదవడం నేర్చుకున్నాను. ఇప్పుడు నెల్లికుదురు, నర్సింహులపేట, దేవరుప్పుల చుట్టుపక్కల ఎక్కడ భజన జరిగినా చివర్లో నాలుగు మాటలు చెప్పేది నేనే. నేను లేచి నిలబడితే మైకు కట్టేస్తారు, అవసరం లేదని. ముఖ్యంగా హారతి వేళ కళ్లు మూసుకునే జనాన్ని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. "గింత దూరం నడిచొచ్చి, గింతసేపు లైన్ల నిలవడి, తీరా స్వామి ముంగట కండ్లు మూసుకుంటరేందిరా? మూసుకునుడే అయితే ఇంట్ల పండుకొని మూసుకోరాదుండ్రి!" అని అక్కడికక్కడే కడిగేస్తాను.

ఇక అసలు సంగతి. మా బిడ్డ పూజ భూపాలపల్లి దవాఖానలో నర్సు. సెలవు పెట్టి మీ ఆటలో వేషం కడుతోంది. ఏ వేషమో చెప్పదు. మొదటి ఆట అయ్యేదాకా ఎవరూ గుట్టు విప్పొద్దని మీ గురువు ఒట్టు వేయించాడట. జనగామ తర్వాత భూపాలపల్లి, ఆ తర్వాత ఇంకా ఎన్నో ఊళ్లు తిరుగుతారట, ఆమెను కూడా రమ్మంటున్నారట. "బాపూ, నువ్వు చూసి సరే అంటేనే పోత. వద్దంటే మళ్ల ముఖానికి రంగు పూసుకోను" అన్నది. "నా కండ్లతోని చూస్తేగాని మాట ఇయ్య" అన్నాను. నేను అన్నానంటే అన్నట్టే.

నిన్న టికెట్టూ, దానితో పాటు పీటల పటమూ వచ్చాయి. నా పీట ఎక్కడా అని వెతికితే సరిగ్గా ఒక స్తంభం వెనుక దొరికింది! అయ్యా, ఈ కథలో జరిగేదంతా సింహాసనం దగ్గర. రాజు అక్కడే, పిల్లవాడు అక్కడే, అట్టతో చేసి రంగు పూసిన స్తంభమూ అక్కడే. ఎన్ని ఆటలు చూడలేదు నేను! మీరేమో కప్పు మోసే టేకు దుంగకు ముఖం పెట్టించి నన్ను కూర్చోబెట్టారు.

యుద్ధం మొదలయ్యే ముందు అర్జునుడు ఏమడిగాడు? బాణాలు అడిగాడా? "రథాన్ని రెండు సేనల నడుమ నిలుపు, అందరినీ చూడాలి" అన్నాడు. కృష్ణుడు తీసుకుపోయి చెట్టు చాటున ఆపాడా? చూడనిదే తీర్పు చెప్పడం ఎవరి తరమూ కాదు. పీట మార్చండి.

ఇట్లు,
తీర్పు చెప్పవలసినవాడు,
సక్రు.

తా.క.: ఫోను చేయొచ్చు కదా అంటారేమో. మా తండాలో సిగ్నల్ కావాలంటే నీళ్ల ట్యాంకు ఎక్కాలి. ట్యాంకు మీద నిలబడి కోపంగా మాట్లాడితే కింద జనం పోగై "సక్రన్నా, దుంకకు! ఏదున్నా మాట్లాడుకుందాం, దిగు!" అని ఏడుస్తున్నారు.


జనగామ,
మంగళవారం.

సక్రు బాపు గారికి వాసవి నమస్కారాలు.

మీ ఉత్తరం గట్టిగా చదివితే మా గోడౌనులో పావురాలు లేచిపోయాయి. మీరు పెద్దమనిషి అన్నారు గానీ నేను పూజక్క కంటే చిన్నదాన్ని. పత్తి వ్యాపారం చేసే లక్ష్మీనారాయణ గారి కూతుర్ని. ఆట జరిగేది మా నాన్న పాత పత్తి గోడౌనులోనే.

బాపూ, ఈ ఆటకు స్టేజీ లేదు. మా నాన్న చిన్నప్పుడు దీన్ని వీధిలో ఆడేవారట. రాక్షసులు జనం మధ్యలోంచే లేచి వచ్చేవారట. ఎప్పుడో ఆగిపోయిన ఆ ఆటను అదే తీరున మళ్లీ లేపుతున్నాం. గోడౌనంతా రాజుగారి కోట. చూడవచ్చినవాళ్లంతా ఆ కోటలోని జనం. పీటలు అక్కడొకటి ఇక్కడొకటి వేస్తాం. రాజు మీ మోకాళ్లు రాసుకుంటూ పోతాడు. ఏనుగు వెనక నుంచి వస్తుంది. పాములు పైనుంచి దిగుతాయి. ఒకరికి కనిపించింది ఇంకొకరికి కనిపించదు. మంచి చోటు, చెడ్డ చోటు అని లేవు.

దయచేసి ఆ పీట మాత్రం మార్చమనకండి. ఎందుకో చెప్పలేను, ఒట్టు నేనూ వేశాను. ఒక్కటి చెప్పగలను. అది మీకే ఇవ్వాలని పట్టుబట్టింది పూజక్కే.

ఇట్లు,
మీ కోపానికి భయపడుతూనే పీటలు తుడుస్తున్న
వాసవి.

తా.క.: చేతికర్ర తేవద్దు. మొన్న రిహార్సల్లో పుష్పమ్మ అనే అవ్వ, పిల్లవాణ్ణి కొడుతున్నాడని రాజును నిజంగానే కర్రతో కొట్టింది. ఆయన ఇంకా కుంటుతున్నాడు. రాక్షసుడి నడక ఇప్పుడు కుదిరిందని గురువుగారు సంతోషిస్తున్నారు.


తండా నుంచి,
గురువారం.

వాసవి బిడ్డకు సక్రు ఆశీస్సులు, కోపం అలాగే ఉంచుకుని.

"పట్టుబట్టింది పూజక్కే" అన్న చోట నేను కళ్లజోడు తీసి తుడుచుకున్నాను. తుడిచినా అదే ఉంది. నా బిడ్డే నన్ను స్తంభం చాటున కూర్చోబెట్టిందా? నేను చూడొద్దనా?

ఎందుకో నిన్న తెలిసింది. మా పక్కింటి చాంద్యా లారీ తోలుతాడు. జనగామలో మీ గోడౌను ముందు ఆపినప్పుడు పూజను చూశాడట. "అన్నా, పూజ కట్టెపని చేసే వడ్లాయనను అడుగుతాంది, ఎంతసేపు కదలకుంట నిలవడాలె, జర గాలన్న ఆడతదా, చెమటకు రంగు కారితె ఎట్ల అని. నన్ను చూసి నోరు మూసుకున్నది" అన్నాడు.

ఇంకేం కావాలి? ద్వారపాలకురాలి వేషం ఇచ్చారు! ఒక మూల బల్లెం పట్టుకుని బొమ్మలా నిలబడే వేషం. పాట లేదు, మాట లేదు. నా ఒళ్లో కూర్చుని భజన నేర్చిన గొంతుకు మీరిచ్చిన పని అది. పాపం సిగ్గుపడి బాపు కంట పడొద్దనుకుంది.

సిగ్గెందుకు? ఆ రాక్షస రాజు పోయిన జన్మలో ఎవరు? వైకుంఠం వాకిట కాపలా కాసినవాడు కాదా? వాకిలి కాసేవాళ్లు తక్కువా? బల్లెం పట్టినా నా బిడ్డే. నేను చూస్తాను. చూసే తీరతాను.

పీట మార్చరు. సరే. స్తంభమే మార్చండి. రేపు మా తండా తావుర్యాను రంపంతో పంపుతున్నాను. మొత్తం కోయనక్కర్లేదు. కూర్చుంటే నా ముఖానికి ఎదురుగా కిటికీ అంత జాగా కోస్తే చాలు.

ఇట్లు,
బిడ్డ ముఖం చూడక తప్పని
సక్రు.

తా.క.: కప్పు కూలుతుందని మీ నాన్న పరేషాన్ కావొద్దు. ఆట అయ్యేదాకా తావుర్యా దూలం కింద భుజం పెట్టి నిలబడతాడు. నేనే చెప్పాను. ఇంకా ఒప్పుకోలేదు.


జనగామ,
శుక్రవారం సాయంత్రం.

బాపూ, బాపూ, ఎంత పని చేశారు!

తావుర్యన్న నిజంగానే వచ్చాడు. నేను చాయ్ తెచ్చేలోపే స్తంభాన్ని వేళ్లతో కొట్టి చూసి "లోపట డొల్లగున్నదమ్మా, పురుగు వట్టినట్టుంది" అన్నాడు. రంపం పెట్టి రెండు లాగులు లాగాడు. పొట్టు లేచింది. అంతలో స్తంభం తుమ్మింది.

అవును, తుమ్మింది. నన్నేమీ అడగకండి. అబద్ధం చెప్పడం నాకు రాదు, నిజం చెప్పడానికి వీల్లేదు. తావుర్యన్న ఒక్క క్షణం దాన్నే చూశాడు. తర్వాత ఆయన కనిపించలేదు.

పూజక్కది ద్వారపాలకురాలి వేషం కాదు. అంతవరకే చెప్పగలను. ఇంకో మాట. ఆ పీట తనకు ఇవ్వలేదని మా నాన్న నాతో మాట్లాడటం మానేశారు. "సొంత గోడౌన్ల కోరిన కాడ కూసునే రాత లేదా నాకు?" అని అమ్మతో అంటున్నారు. ఆయనది సింహాసనం పక్క పీట. అదే కావాలని మీరు అంటే ఈ క్షణమే మార్చేస్తాను, మా నాన్న ఎగిరి గంతేస్తారు. కానీ ఆ తర్వాత పూజక్క ముఖం ఎట్లా చూడాలో మీరే చెప్పండి.

ఇట్లు,
మీ జవాబు కోసం గోళ్లు కొరుక్కుంటున్న
వాసవి.

తా.క.: తావుర్యన్న రంపం, ఒక చెప్పు మా దగ్గరే ఉన్నాయి. రెండో చెప్పు బస్టాండు దారిలో దొరికిందని చెబుతున్నారు.


తండా నుంచి,
శనివారం.

వాసవి బిడ్డకు,

తావుర్యా ఇంటికొచ్చి ఎండలో దుప్పటి కప్పుకుని పడుకున్నాడు. "అన్నా, కట్టె తుమ్మిందే!" అంటాడు. "కట్టె తుమ్ముడేందిరా? కట్టెల పానం ఉంటదారా? పందికొక్కు దూరి ఉంటది!" అని తిట్టి లేపాను. స్తంభంలో స్వామి ఉన్నాడని ఊరూరా గొంతు చించుకుని చెప్పేవాణ్ణి నేను. నాకే వచ్చి చెబుతాడు! కథ వేరు, పత్తి గోడౌను వేరు.

నీ ఉత్తరం పూజ తల్లి మోతీబాయికి చదివి వినిపించాను. మా ఇంట్లో నా మాటకు ఎదురుచెప్పే ధైర్యం ఉన్నది ఆమెకొక్కదానికే. "బిడ్డ కూసోమన్న కాడ కూసో. నీకు ఆట చూసుడు కావాల్నా, పీట చూసుడు కావాల్నా?" అన్నది. దానికి జవాబు కోసం పురాణాలన్నీ రాత్రంతా వెతికాను.

వస్తున్నాం. స్తంభం వెనుకే కూర్చుంటాను. కానీ నా షరతు షరతే. కళ్లతో చూడకపోతే మాట ఇవ్వను. పూజ రంగు కడిగేసుకోవాల్సి వస్తే ఆ పాపం స్తంభానిది.

ఇట్లు,
మెడ సాగదీయడం సాధన చేస్తున్న
సక్రు.

తా.క.: పందికొక్కుకు మందు పెట్టించు. ఆట మధ్యలో తుమ్మితే బాగుండదు.


జనగామ,
సోమవారం, ఆట మరునాడు.

బాపూ,

ఒట్టు తీరింది, ఇప్పుడు అన్నీ చెప్పొచ్చు. ఆ స్తంభం కప్పును మోసేది కాదు. మిగతావాటిలాగే కనబడేలా మేం కొత్తగా చేయించింది. లోపల డొల్ల. నిలబడేది పూజక్క. ఆ రోజు లోపల నిలబడటం సాధన చేస్తూ రంపపు పొట్టుకు తుమ్మింది కూడా ఆమే. సింహాసనం దగ్గర అట్ట స్తంభం ఊరికే, అందరి కళ్లూ అటు తిప్పడానికి. రాజు "ఎక్కడున్నాడ్రా నీ స్వామి?" అని గద ఎత్తగానే జనమంతా అటు తిరిగారు. పగిలింది మాత్రం మీ ముందున్నది. "స్వామి మొట్టమొదట మా బాపుకే కనవడాలె. తర్వాతే లోకానికి" అని పూజక్క మొదటి రోజే నా దగ్గర మాట తీసుకుంది. అందుకే ఆ పీట.

కానీ మీరు ఆట అవగానే తువ్వాలు ముఖం మీద కప్పుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా మోతీబాయమ్మ చెయ్యి పట్టుకుని బస్సెక్కి పోయారు. పూజక్క జూలు తీయలేదు, గోళ్లు తీయలేదు, నిద్ర పోలేదు. "బాపుకు నచ్చలే. ఆడివిల్ల స్వామి వేషం కట్టుడు పాపమనుకున్నడు. అందుకే నా ముఖం సుత చూడలే" అని ఒకటే ఏడుపు. శుక్రవారం బృందం భూపాలపల్లి పోతుంది. ఆమె పెట్టె సర్దలేదు.

ఒక్క ముక్క రాయండి. సరే అనైనా, వద్దనైనా. ఈ ఉత్తరం కూడా ఎప్పటిలాగే తొర్రూరు బస్సు కండక్టరు ప్రేమలత చేతికిచ్చి పంపుతున్నాను. జవాబు ఆమె చేతికే ఇవ్వండి.

ఇట్లు,
వాసవి.

తా.క.: ఏడ్చి ఏడ్చి రంగు చారలు కట్టింది. ప్రస్తుతానికి సింహంలా లేదు, పులిలా ఉంది. గోళ్లు అడ్డమని చాయ్ గొట్టంతో తాగుతోంది.


తండా నుంచి,
సోమవారమే, ప్రేమలత బస్సు ఆపి నిలబడి ఉండగా.

వాసవి బిడ్డా,

ముందు పూజ గోళ్లు తీయించు. ముఖం కడిగించి అన్నం పెట్టు. అంతవరకు కింద రాసింది చదవొద్దు.

తిన్నదా? ఇప్పుడు గట్టిగా చదువు, ఆమెకు వినబడాలి.

ఆడపిల్ల స్వామి వేషం కట్టడం పాపమని ఎవడన్నాడు? అమృతం పంచేటప్పుడు విష్ణువు మోహినియై చీర కట్టలేదా? ఆయన ఆడవేషం కడితే లేని తప్పు, ఆడబిడ్డ ఆయన వేషం కడితే ఎట్ల వస్తది? వచ్చే భజనలో దీని మీదే మాట్లాడబోతున్నాను. మైకు కూడా పెట్టించుకుంటాను.

మరి ఎందుకు మాట్లాడకుండా వచ్చానంటావా? చెబుతా, విను. స్తంభం ఫెళ్లున పగిలింది. పొగలోంచి జూలు, ఆ జూలు కింద రెండు కళ్లు మెరిశాయి. అది మాత్రం చూశాను. ఆ తర్వాత నా చేతులు వాటంతట అవే తల మీదికి పోయి జోడించుకున్నాయి.

కళ్లు మూసుకుపోయాయి, బిడ్డా.

ఊరూరా తిరిగి ఎవరినైతే తిట్టానో, వాళ్లందరికంటే గట్టిగా మూసుకుపోయాయి. తెరుద్దామంటే రాలేదు. అప్పుడు పాట మొదలైంది. ఆ గొంతు నా ఒళ్లో పెరిగిన గొంతు. కింది నుంచి లేచిన గర్జన, మధ్యలో మా తండా ఆడవాళ్లు నాట్ల వేళ తీసే రాగంలోకి తిరిగింది. చెవులు గుర్తుపట్టాయి. గుండె గుర్తుపట్టింది. కళ్లు మాత్రం తెరుచుకోలేదు. తెరిచేసరికి లైట్లు వెలిగి ఉన్నాయి, జనం చెప్పులు వెతుక్కుంటున్నారు. ఆ తడి ముఖంతో బిడ్డ ముందుకొచ్చి ఏం చూశానని చెప్పాలి? అందుకే తువ్వాలు.

బస్సులో మోతీబాయి అడిగింది, "గోళ్లు ఎట్లున్నయ్, మంచిగ కనవడ్డయా?" అని. నేను కిటికీలోంచి దేవరుప్పుల పొలాలు చూశాను. ఆమె నవ్వింది. ఆమె పీట అవతలి పక్కన. సింహమూ కనిపించింది, నేనూ కనిపించానట. "రాజు సుత గంతగనం భయపడలే. నువ్వు సగం పీట మీద, సగం పీట కింద ఉంటివి" అన్నది.

ఇక తీర్పు. నా కళ్లతో చూస్తేనే మాట ఇస్తానన్నాను. చూడలేదు. కాబట్టి సరే అనడానికి వీల్లేదు, వద్దనడానికీ వీల్లేదు. అందుకని పూజ వెంటనే పెట్టె సర్దుకుని భూపాలపల్లి పోవాలి. అదే స్తంభంలో నిలబడాలి. అదే పీట నాకే వేయాలి. అక్కడ చూసి చెబుతాను. అక్కడా కళ్లు మూసుకుపోతే ఆ పై ఊరు. అక్కడా అంతే అయితే ఇంకో ఊరు. నేను పూర్తిగా చూసేదాకా ఈ ఆట ఆగొద్దు, పూజ రంగు కడగొద్దు. సక్రు మాట అంటే మాటే.

ఇట్లు,
ఇకమీద హారతి వేళ ఎవర్నీ తిట్టని
సక్రు.

తా.క.: స్తంభంలో గాలి ఆడటానికి ఇంకో రెండు రంధ్రాలు పెట్టించండి. తావుర్యా తానే వచ్చి పెడతానంటున్నాడు. స్వామి స్తంభాన్ని తాకిన రంపం కదా, దానికి ఇప్పుడు రోజూ పసుపు పూయాలట, పంపించు.

మరొక తా.క.: భూపాలపల్లిలో నా పక్క పీట మోతీబాయికి వేయండి. స్తంభం పగలగానే నన్ను గిల్లే పని ఒప్పుకున్నది. ఇప్పటినుంచే సాధన చేస్తున్నది, నా చెయ్యంతా కమిలిపోయింది.