మీటరు తప్పా, నా చెయ్యి తప్పా?

ఇస్నాపూర్,
12 జూలై 2004

ప్రియమైన అరుణా,

మెదక్‌లో నీ టీచర్ ట్రైనింగ్ ఎలా సాగుతోందో అడగాలని కాగితం తీశాను గానీ, మనసు మరో చోట ఉంది. మూడు రోజులుగా అన్నం సయించడం లేదు.

పటాన్‌చెరు ఇంటర్నెట్ సెంటర్‌కి నేను పోతుంటానని నీకు తెలుసు. నాలాగా ఫ్యాక్టరీల్లో మీటర్లు బాగుచేసేవాళ్ల గ్రూపు ఒకటి ఇంటర్నెట్‌లో ఉంది. ఒకరు ప్రశ్న రాస్తే ఇంకొకరు జవాబు రాస్తారు. మారుపేరుతోనే రాస్తాను గానీ, అక్కడ నా మాటకు విలువ. శుక్రవారం ఎవరో కొత్తవాళ్లు తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో రాశారు: "డ్రయర్ మీటరు అరవై డిగ్రీలు సూపిస్తున్నది. పైన చెయ్యి పెడితే కాలుతున్నది. మీటరు తప్పా, నా చెయ్యి తప్పా?"

ఏ రకం మీటరో, వేడిని పసిగట్టే సెన్సారు ఏదో ఏమీ లేదు. గ్రూపులో అడగడానికో పద్ధతుంది. మెత్తగా చెప్పొచ్చు. నేనేం రాశానో తెలుసా? "వివరాలు లేకుండా చెప్పడానికి మేం జ్యోతిష్కులం కాదు. చెయ్యి తీసి పుస్తకం పట్టుకో." పదిమంది నవ్వుతూ జవాబులు రాశారు. నాకు గర్వంగా కూడా అనిపించింది. "తప్పయింది సార్" అని అటునుంచి ఒక్క ముక్క వచ్చింది. అంతే, ఆ మనిషి మళ్లీ కనబడలేదు.

ఇంటికొచ్చి స్నానం చేస్తుంటే తట్టింది. మీటరే తక్కువ చూపిస్తుంటే? డ్రయర్‌లో ఆరబెట్టే పొడిలో సాల్వెంట్ ఉంటుంది, పెట్రోలులా మండే ద్రవం, వేడి మించితే అంటుకుంటుంది. ఆ పేరు కింద ఊరు పటాన్‌చెరు అని ఉంది. "వెంటనే ఆపండి" అని మళ్లీ రాశాను. చూసినట్టు లేదు. గడ్డపోతారం దాకా ఫ్యాక్టరీల గేటుగేటుకూ తిరిగాను. ఫైరింజన్ గంట వినబడితే రోడ్డు మీదికి పరుగెత్తుతున్నాను.

నీ
నాగేశ్వర్

మెదక్,
15 జూలై

ఏమండీ,

ఊరంతా వెతుకుతున్నారు సరే, మీ ప్లాంటులో అడిగారా? అడిగినా మీ ముఖం చూసి ఎవరు చెబుతారు? కోప్పడకండి. కిందటేడు ఫ్యూజు ఎలా వెయ్యాలని అడిగితే "ఇది కూడా తెలీదా" అన్నారు. అప్పటినుంచి అక్కడున్నన్నాళ్లూ ఫ్యూజు పోతే పక్కింటి సావిత్రమ్మగారినే పిలుచుకునేదాన్ని. మీకు చెప్పలేదు.

మీ
అరుణ

ఇస్నాపూర్,
19 జూలై

అరుణా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివి తిన్నగా మా డ్రయర్ల దగ్గరికే పోయాను. అక్కడ పాత ఆపరేటర్ కిష్టప్ప, అరచేతికి గుడ్డ కట్టుకుని ఉన్నాడు. ఏమైందంటే "ఏం లేదు సారూ" అని చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు. ఎంతో బతిమాలితే నోరు విప్పాడు.

"మీటరు మీద అనుమానమొచ్చింది సారూ. నిన్నడిగితే కసురుకుంటవని నా బిడ్డతోని కంప్యూటర్ల రాయించిన. ఆడ గూడ ఎవడో నీ లెక్కనే ఉన్నడు."

డ్రయర్ ఆపించి చూశాను. మీటరు ఇరవై డిగ్రీలు తక్కువ చూపిస్తోంది. ఇన్ని రోజులూ ఆయన చేత్తో తాకి చూస్తూ, కాలినప్పుడల్లా డ్రయర్‌ను వేడిచేసే ఆవిరి తగ్గిస్తూ వచ్చాడు. మమ్మల్ని కాపాడింది ఆ చెయ్యే.

"కిష్టన్నా, ఆ ఎవడో నేనే" అన్నాను.

అరచేతి గుడ్డ ముడి బిగించుకున్నాడు. తర్వాత అన్నాడు: "నాకు గాదు, నా బిడ్డకు చెప్పు. ఇగ కంప్యూటర్ ముంగట కూసోనంటున్నది."

సాయంత్రం పాశమైలారంలో వాళ్లింటికి పోయాను. ఆ పిల్ల లోపలి గదిలోంచి రాలేదు. గడప ఇవతల నిలబడి, సెన్సార్ చెడి మీటరు తక్కువ చూపిందనీ, తప్పు నాదేననీ చెప్పాను. వెనక్కి తిరగబోతుంటే లోపలినుంచి గొంతు వినబడింది.

"సెన్సార్ అంటే ఏంది సార్?"

అక్కడే అరుగు మీద కూర్చుని చెప్పాను. చెబుతుంటే మెల్లగా గడప దాకా వచ్చింది.

"జెర సమజ్ కాలే. మళ్ల చెప్పుండ్రి" అంది.

మళ్లీ మొదటినుంచి చెప్పాను.

నీ
నాగేశ్వర్